దారి చూపువాని ఋణము

ప్రియ చదువరీ, నీవు కంప్యూటరు పనిలో గాని డేటా సైన్స్‌లో గాని కొన్ని సంవత్సరములు గడిపియుంటివేని, ఏదో యొక దినమున ఒక యువకుడో యువతియో నీ యొద్దకు వచ్చి, "నేనేమి నేర్చుకొనవలెను? నాకు ఉద్యోగమెట్లు దొరకును?" అని అడుగక మానరు. అట్లు వచ్చినవారి వెనుక ఒక ఇల్లున్నది. హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగు ఫీజు కట్టుటకు తండ్రి అప్పు చేసియుండవచ్చును. తల్లి తన గొలుసు కుదువబెట్టియుండవచ్చును. గనుక ఈ ప్రశ్న చిన్నది కాదు. వారికి నీవు ఏమి ఋణపడియున్నావు?

అనేకులు దయచేతనే తప్పిపోవుదురు. ఇంటర్వ్యూలో అడుగు ప్రశ్నలను, వాటి జవాబులను వ్రాసి చేతికిత్తురు. తాము చేసిన ప్రాజెక్టునే నీదని చెప్పుకొమ్మందురు. ఇది సహాయమేనా? ఈ వృత్తియే దీనికి జవాబు చెప్పుచున్నది.

బ్యాంకు ఎవరికి అప్పు ఇయ్యవచ్చునో చెప్పుటకు ఒక మోడల్‌ను తయారుచేయుచున్నారనుకొనుము. పాత ఖాతాలు వెయ్యి యున్నయెడల, ఎనిమిది వందలు దానికి చూపి నేర్పి, రెండు వందలు దాచియుంచెదరు. అది నిజముగా నేర్చినదో, కంఠస్థము చేసినదో ఆ దాచిన ఖాతాలమీదనే తేలును. అవి ముందుగానే నేర్పువాటిలో కలిసిపోయినయెడల, కాగితముమీద మార్కులు గొప్పగా వచ్చును. అయితే క్రొత్త మనిషి అప్పు అడుగవచ్చినప్పుడు ఆ మోడల్ యోగ్యుని త్రోసివేయవచ్చును. జవాబులు చేతపట్టుకొని వెళ్లిన శిష్యుని గతియు ఇట్టిదే. ఇంటర్వ్యూ గెలిచిన కొద్ది దినములకే, ఎవరును జవాబు వ్రాసిపెట్టని ప్రశ్న అతని బల్లమీదికి వచ్చును. అప్పుడు తలవంచుకొనువాడు అతడే గాని నీవు కావు.

మంచి మార్గదర్శి ఎట్టివాడో తెలియుటకు, తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారిని జ్ఞాపకము చేసికొందము. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వెళ్లిన ఆయన, ఇరువదియైదేండ్లు నిండకమునుపే ఆ నగరములో పాఠములు చెప్పుచుండెను. ఒకనాడు, పెద్ద నమూనాలకు వర్తించు ఒక ఫలితమును వివరించుచుండగా, "చిన్న నమూనాలకు ఇట్టిది యున్నదా?" అని ఒక విద్యార్థి అడిగెను. గురువుకు అప్పటికి జవాబు తెలియలేదు. ఆయన ఆ ప్రశ్నను కసరి త్రోసివేయలేదు. ఇంటికి తీసికొనిపోయి, రాత్రి కూర్చుండి సాధించి, మరునాడు తరగతిలో చెప్పెను. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామెర్-రావు అసమానతయని నేడు లోకమంతట చదువబడుచున్నది. ఆయన యొద్దనే డాక్టరేటు పొందిన శ్రీనివాస వరదన్‌గారు గురువు నడిచిన గణాంకశాస్త్రపు త్రోవను గాక సంభావ్యతా సిద్ధాంతమును పట్టుకొని, 2007లో ఆబెల్ బహుమానము పొందిరి. శిష్యుని ప్రశ్నను గౌరవించుట, శిష్యుని త్రోవను శిష్యునికే విడుచుట, ఈ రెండును ఒకే మనస్సులోనుండి పుట్టునవి.

"ఇదంతయు మంచిదే గాని, అప్పుమీది వడ్డీ ఆగదు గదా! ఆకలిగొన్నవానికి ముందు అన్నము పెట్టవద్దా?" అని నీవు అడుగవచ్చును. పెట్టవలసినదే. వారి రెస్యూమే చదువుము, నీకు తెలిసిన తలుపు తట్టుము, సిఫారసు చేయుము. అయితే నీవు ఎరిగిన మంచినే వ్రాయుము, లేనిదానిని కల్పింపకుము. మూడు నెలలలో అంతయు వచ్చునని ఆశ పెట్టకుము. ఈ పనిలో అధికభాగము చెడిపోయిన పట్టికలను ఓపికతో బాగుచేయుటయేయనియు, నేటి పనిముట్లు రేపు మారుననియు ముందే చెప్పుము. ఒక లెక్క వారి ముందుంచి, "ఇందులో ఎవరి సంగతి యున్నది? ఎవరు విడువబడిరి?" అని అడిగి, వారు ఆలోచించువరకు ఊరకుండుము. ఆ ఊరకుండుట నీకు కష్టముగా నుండును, జవాబు నీ నాలుకమీదనే యుండును గనుక. నీకు తెలియనిచోట తెలియదని చెప్పుటకు వెనుదీయకుము. పెద్దవారి నోట ఆ మాట విన్న పిల్లలు, రేపు అధికారి యెదుట తప్పుడు అంకెకు తల ఊపక, నిజము చెప్పగలరు.

ప్రియ చదువరీ, ఒకనాడు నీ శిష్యుడు నిన్ను అడుగకయే ఒక నిర్ణయము చేయును. అది నీవు చేయునట్టిది కాకపోవచ్చును. ఆ దినమున నీ మనస్సు నొచ్చునా, సంతోషించునా? నీవు వారికి దారి చూపితివో, నీ వెంట త్రిప్పుకొంటివో అప్పుడు నీకే తెలియును.