చూడ్డానికేమీ లేని కొండ

సెలవులకు ఎక్కడికి వెళ్దామన్న మాట ఇంట్లో మొదలైతే ఎవరో ఒకరు హార్స్లీ హిల్స్ పేరెత్తుతారు. వెంటనే ఇంకొకరు అడ్డం తగులుతారు: "అక్కడ చూడ్డానికేముంది?" ఆ మాటా నిజమే. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండ మీద ఊటీలోలా బుల్లి రైలు లేదు. కొడైకెనాల్‌లోలా పడవలు తిరిగే పెద్ద చెరువు లేదు. మలుపులు తిరిగే ఘాట్ రోడ్డు, నీలగిరి చెట్లు, పర్యాటక సంస్థ వారి హరిత రిసార్టు, ఎప్పుడు చూసినా గాలి వీచే గాలి బండ. హడావిడిగా తిరిగేవాళ్లకు ఒక పూట చాలు. సాయంత్రానికల్లా "ఇంకేముంది బాబూ?" అని డ్రైవర్ని అడుగుతారు.

అయినా అక్కడికే వెళ్లాలనుకునేవాళ్లున్నారు. ఎందుకంటే "ప్రశాంతంగా ఉంటుంది" అంటారు. మామూలు మాటే గానీ, దీని వెనక మతాలూ దర్శనాలూ వేల ఏళ్లుగా తడుముతున్న ప్రశ్న ఒకటుంది. ప్రశాంతత చోటులో ఉంటుందా, మనిషిలోనా? మనిషిలోనే ఉంటే ఇల్లు కదలడం దేనికి?

దీనికి మన ఇళ్లలో జవాబు ఎప్పుడూ సిద్ధం. అంతా మనసులోనే ఉంది, మనసు కుదురుగా ఉంటే రైతుబజారు కూడా హిమాలయమే అని. వినడానికి బాగుంటుంది. కానీ ఈ మాటను అంత తేలిగ్గా ఒప్పేసుకోకూడదు. కదలడానికి బద్ధకించేవాడూ దీన్నే చెబుతాడు, కొండ మీదికెళ్లి పెద్ద సౌండుతో పాటలు పెట్టేవాడూ దీన్నే చెబుతాడు. అసలు ఆ మాట చెప్పిన పెద్దలు తాము ఎక్కడ బతికారో చూస్తే, విషయం అంత సులువుగా తెమలదు.

బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం మొదటి పాదంలో ఉపాసనకు ఎక్కడ కూర్చోవాలన్న చర్చ వస్తుంది. సూత్రకారుడు సూటిగా తేల్చేశాడు. మనసు ఎక్కడ నిలుస్తుందో అక్కడే, ఫలానా చోటనే నియమమేమీ లేదు. కానీ శ్వేతాశ్వతరోపనిషత్తుకు చోటు విషయంలో పట్టింపు ఎక్కువ. నేల చదునుగా ఉండాలి, గులకరాళ్లు ఉండకూడదు, కంటికి ఇబ్బంది కలగకూడదు, గాలి తగలని గుహలాంటి చాటు కావాలి. శంకరాచార్యులు ఆ సూత్రానికి భాష్యం రాస్తూ ఈ మంత్రాన్నే ముందు పెట్టుకున్నారు. చోటు మనసుకు అనుకూలంగా ఉండాలన్నదే అందులో అసలు సంగతి, మిగతా వివరాలు కట్టడి కోసం కాదు అన్నట్టుగా సర్దారు. సర్దుబాటు గొప్పదే. కానీ గులకరాళ్ల గురించి రాసిన ఆ పాతకాలపు మనిషి మీద ప్రత్యేకంగా గౌరవం కలుగుతుంది. ఎగుడుదిగుడు బండ మీద అరగంట కూర్చున్నవాళ్లెవరికైనా తెలుసు, అప్పుడు ధ్యాసంతా పరమాత్మ మీద కాదు, మోకాలి మీదే ఉంటుందని. మనిషికి ఒళ్లుంది. ఆ ఒళ్లు ఎక్కడో ఒకచోట కూర్చోవాలి.

రమణ మహర్షి సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. ఉద్యోగం మానేసి అడవికి పోతానని వచ్చినవాళ్లకు ఆయన చెప్పిందల్లా, ఎక్కడికెళ్లినా మనసు వెంట వస్తుంది, ఏకాంతం మనసుకు సంబంధించింది అని. ఆ మాట చెప్పిన మనిషి 1896 సెప్టెంబరు 1న తిరువణ్ణామలైలో అడుగుపెట్టాక, 1950 ఏప్రిల్‌లో దేహం చాలించేదాకా అక్కడి కొండను వదల్లేదు. విరూపాక్ష గుహ, ఆపైన స్కందాశ్రమం, 1922 తర్వాత కొండ పాదం. 53 ఏళ్లకు పైగా ఒకే కొండ. చోటు ముఖ్యం కాదని నోటితో చెబుతూ, ముఖ్యమేనని బతుకుతో చెప్పారా అనిపిస్తుంది. ఆయనకు రమణ మహర్షి అని పేరు పెట్టిన కావ్యకంఠ గణపతి ముని మన బొబ్బిలి ప్రాంతం వారు. ఆశ్రమంలో రోజూ ఏం జరిగిందో సూరి నాగమ్మ గారి లేఖల్లో తెలుగులోనే చదువుకోవచ్చు. అందులో కనిపించేది నిశ్శబ్దమైన చోటేమీ కాదు. వంటిల్లు, ఆవులు, కోతులు, నెమళ్లు, వచ్చేపోయే జనం. జీవితమంతా లోకంతో తగవుపడ్డ రచయిత చలం కూడా 1950లో బెజవాడ వదిలి ఆ కొండ దగ్గరికే చేరారు, 1979లో పోయేదాకా అక్కడే ఉన్నారు. ఇప్పుడు పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేసే లక్షల్లో తెలుగువాళ్లు లెక్కలేనంత మంది. 14 కిలోమీటర్ల దారిలో భుజం భుజం రాసుకుంటూ నడిచినా, మనసు తేలికపడిందనే చెబుతారు. వాళ్ల మాట అబద్ధం కాదు.

హార్స్లీ హిల్స్‌కు దగ్గర్లోనే ఇంకో కథ ఉంది. గుర్రంకొండ పక్కన తరిగొండలో 18వ శతాబ్దంలో పుట్టిన వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. విధవ ఆచారాలకు తలవంచలేదు, వేంకటేశ్వరుడే తన పతి అంది. ఊరు ఊరుకోలేదు. ఆమె తిరుమల చేరింది. అక్కడైనా మనశ్శాంతి దక్కిందా అంటే లేదు. పొరుగునున్న అర్చకుడితో తగాదా వచ్చి, మాడవీధిలో ఇల్లు వదిలి తుంబురు కోనకు వెళ్లిపోయి ఏళ్ల తరబడి తపస్సు చేసిందని సంప్రదాయం చెబుతుంది. శేషాచలం అడవి లోపల, రెండు రాతి గోడలు దగ్గరకొచ్చిన ఇరుకులోంచి నీళ్లు దిగే చోటది. ఇప్పటికీ ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి భక్తులు రాళ్లు పట్టుకుని, నీళ్లలో తడుస్తూ, ఒకరికొకరు చేయందించుకుంటూ నడుస్తారు. మరి ఆరోజుల్లో ఒంటరి ఆడమనిషి అక్కడ ఎలా ఉండేదో!

ఈ కథలో గుర్తుపెట్టుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, పుణ్యక్షేత్రంలోనే ఉన్నా ఆమెకు మరో చోటు కావాల్సి వచ్చింది. దేవుడి ఎదురుగా ఉన్నాం కదా, ఇంకేం కావాలి అని ఆమె సరిపెట్టుకోలేదు. రెండు, కోనలోనే ఉండిపోలేదు. తిరిగొచ్చి తిరుమలలో కావ్యాలు రాసింది, నృసింహ జయంతి రోజుల్లో యాత్రికులకు అన్నం పెట్టించింది, చలివేంద్రాలు నడిపింది. ఇవాళ శ్రీవారికి రాత్రి ఏకాంత సేవలో జరిగే ముత్యాల హారతి ఆమె పేరు మీదే. కొండ మీద రోజూ వేలకు వేల మంది భోంచేసే అన్నప్రసాద భవనానికీ ఆమె పేరే పెట్టారు. ఏకాంతాన్ని అంత గట్టిగా కోరుకున్న మనిషి పేరు, అంత జనం కూర్చుని తినే హాలు మీద ఉంది. ఏకాంతం వేరు, లోకం వేరు అనేవాళ్లు ఈమె దగ్గర కాసేపు ఆగాలి.

మొదట చెప్పుకున్న మదనపల్లెలోనే 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టారు. 1929లో తన కోసమే పెట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థను రద్దుచేసి, సత్యానికి వేసిన బాట అంటూ ఏదీ ఉండదని తేల్చిన మనిషి. మౌనం సంపాదించాలన్న ఆరాటం కూడా ఆరాటమేననీ, అది ఉన్నంతసేపూ మౌనం రాదనీ జీవితాంతం చెబుతూ వచ్చారు. ఇది కొండకు బయల్దేరేవాళ్లందరికీ గట్టి హెచ్చరిక. "ఈ మూడు రోజుల్లో ప్రశాంతంగా ఉండి తీరాలి" అని లెక్కేసుకుని వెళ్లినవాడు అక్కడా ఆఫీసు పనే చేస్తున్నాడు. అయితే అదే కృష్ణమూర్తి తన బడిని ఏ ఊరి నడిబొడ్డునో పెట్టలేదు. చుట్టూ బండరాళ్ల గుట్టలు, పక్కన రిషికొండ, పెద్ద మర్రిచెట్టు ఉన్న విశాలమైన లోయలో పెట్టారు. రిషీ వ్యాలీ బడిలో సాయంత్రం ఒక అలవాటుంది. పిల్లలు ఒకచోట చేరి పొద్దుగుంకేదాకా మాటాపలుకూ లేకుండా కూర్చుంటారు. దాన్ని అస్తాచల్ అంటారు. మంత్రం లేదు, దేవుడి పటం లేదు, మార్కులు లేవు. పడమటి కొండల వైపు చూస్తూ కూర్చోవడమే. పన్నెండేళ్ల పిల్లాడికి అది ధ్యానమో, ఎప్పుడైపోతుందా అన్న విసుగో ఎవరు చెప్పగలరు? కానీ పెద్దవాళ్లు "మా పిల్లలు కూర్చోరండీ" అని ముందే తీర్పు చెప్పేయడం మాత్రం అన్యాయం.

కొండలకు విశ్రాంతి కోసం పోవడమనే అలవాటును తెల్లదొరలు పెంచారు. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివాన్ నీలగిరులెక్కాక ఊటీ, 1845లో జ్వరాలకు భయపడ్డ అమెరికన్ మిషనరీలతో కొడైకెనాల్. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్లీ ఈ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. మదనపల్లె గాలి మంచిదనే 1910ల్లో ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆస్పత్రి వెలిసింది. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ కూడా మదనపల్లెలో కొద్దిరోజులు విశ్రాంతికి ఆగారు. 'జనగణమన'కు ఆయన ఇంగ్లీషు అనువాదం చేసింది అక్కడి బీసెంట్ కాలేజీలోనే. వీళ్లెవరూ మోక్షం కోసం రాలేదు. ఒంటికి హాయి కోసం వచ్చారు. అదేమీ చిన్నతనం కాదు, గులకరాళ్ల సంగతి ముందే అనుకున్నాం.

హార్స్లీ రాకముందు, ఇప్పుడు ఆయన పేరున్న ఈ కొండ ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని అక్కడి కథ, ఆమెకు గుడి ఉంది. చుట్టుపక్కల పల్లెలవాళ్లకు ఆ కొండ ప్రశాంతత దొరికే చోటు కాదు, అమ్మవారి చోటు. మొక్కు తీర్చుకునే చోటు. ప్రశాంతత కోసం వచ్చేవాళ్లు ఈ తేడాను గమనించుకుంటే, గుడి దగ్గర డప్పు వినబడినప్పుడు మొహం చిట్లించరు.

ఇక చోటు ఎంచుకోవడం సంగతికొస్తే, బుద్ధుడికి విహారం కట్టించాలని అనాథపిండికుడనే వర్తకుడు శ్రావస్తి చుట్టూ స్థలం వెతికినప్పుడు ఏం చూసుకున్నాడో పాళీ వినయ గ్రంథాలు చెబుతాయి. ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు. వచ్చేపోయేవాళ్లకు వీలుండాలి. పగలు జనం మూగకూడదు, రాత్రి చప్పుడుండకూడదు. ప్రయాణం ప్లాన్ చేసుకునేవాళ్లకు ఇంతకంటే మంచి కొలమానం ఏ ట్రావెల్ ఏజెంటూ ఇవ్వలేడు. మన విశాఖ–భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ విహారాలు చూసినా ఇదే లెక్క కనిపిస్తుంది. కొండ మీదున్నారు, కానీ కింద ఊళ్లూ సముద్రమూ కనబడుతూనే ఉంటాయి. భిక్ష పెట్టే చెయ్యి లేకపోతే భిక్షువు బతకడు. తాగునీటికి కొండరాతిలోనే తొట్లు తొలుచుకున్నారు. ఏకాంతానికి కూడా నీళ్లూ అన్నమూ ఎవరో ఒకరు చూడాలని వాళ్లకు బాగా తెలుసు. ఇవాళ రిసార్టులో ఉదయం ఆరింటికి ఉప్మా వేడిగా రావాలంటే అయిదింటికే వంటింట్లో గిన్నెల చప్పుడు తప్పదు. ఆ చప్పుడు మీద ఫిర్యాదు రాసేవాళ్లున్నారంటే బాధ కలుగుతుంది.

జనం మీద మాత్రం ఫిర్యాదు చేయాల్సిన రోజులొచ్చాయి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరైంది. 2025 వేసవికి లెక్క కూడా కట్టారు. రోజుకు ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలు. కొడైకెనాల్‌కు 4,000, 6,000. చోటుకు విలువ లేదు, అంతా మనసులోనే ఉందన్నది పూర్తి నిజమైతే కోర్టు ఇంత శ్రమపడక్కర్లేదు. చోటు పాడవుతుంది. పాడైన చోటులో రమణ మహర్షిలాంటి వాళ్లు నిలబడగలరేమో గానీ, నెలవారీ ఈఎంఐలు కట్టుకునే మామూలు మనిషికి సాయం కావాలి, ఆ సాయం కొండ చేస్తుంది. చేసినంతకాలం దాన్ని కాపాడుకోవాల్సిన పూచీ కూడా అతనిదే.

కాబట్టి హార్స్లీ హిల్స్ అనుకున్న ఇల్లు కొన్ని సంగతులు ముందే మాట్లాడుకుంటే మంచిది. శని, ఆదివారాలు వద్దు. అప్పుడు బెంగళూరు కార్లన్నీ అక్కడే ఉంటాయి. ఒక రాత్రి చాలదు. మొదటిరోజు ప్రయాణపు బడలిక, రెండోరోజు ఏమీ తోచని చిరాకు. ఆ చిరాకు అసలైన ఘట్టం, దానికి భయపడి ఫోన్ తీయకుండా ఉంటే మూడోరోజు పొద్దున్నే నడకకు కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఆ రాతి గుట్టల్లో గొంతు దగ్గర పసుపుగా ఉండే పిగిలిపిట్ట ఒకటుంది, దక్షిణ భారతపు రాతికొండల్లో తప్ప ఇంకెక్కడా బతకదు. తరుముకుంటూ పోతే కనబడదు. బండ మీద కదలకుండా కూర్చుంటే పొదలోంచి అదే వచ్చి వాలుతుంది, లేదా రాదు. పిల్లలకు ఎదురుచూడటమూ, రాకపోతే సరిపెట్టుకోవడమూ రెండూ నేర్పొచ్చు.

తిరుపతి అక్కడికి కారులో మూడు నాలుగు గంటల దూరం గనక చాలామంది దర్శనాన్నీ కొండనూ కలిపే పెట్టుకుంటారు. ముందు దర్శనం ముగించుకుని, ఆ అలసట తీర్చుకోవడానికి హార్స్లీ వెళ్లడం మామూలు పద్ధతి. దీన్ని తిరగేస్తే మేలు. ముందు హార్స్లీలో మూడు రాత్రులు, తర్వాత తిరుమల. క్యూలో కంపార్టుమెంటు తలుపు తీసేదాకా పక్కవాడి మోచెయ్యి తగులుతున్నప్పుడు ఆ మూడు రోజులు ఏమాత్రం పనికొచ్చాయో అక్కడే తేలుతుంది. దర్శనమయ్యాక వెంగమాంబ అన్నప్రసాద భవనంలో బంతిలో కూర్చోవాలి, పక్కన కూర్చున్న ముసలమ్మ చారు అడిగితే వడ్డించేవాణ్ని పిలిచి పోయించాలి.