తెలియక చేస్తే తప్పు కాదా?

"తెలియక చేసినదానికి పాపం లేదు నాయనా" అని మా అవ్వ అంటూ ఉంటుంది. పోయిన వేసవి సెలవుల వరకు నేనూ అదే నమ్మేవాణ్ణి. మా ఇంట్లో 6 చేపలు చనిపోయాక ఆ మాట మీద నాకు అనుమానం వచ్చింది.

నాన్న 40 లీటర్ల అద్దాల తొట్టె కొన్నారు. కుళాయి నీళ్ళు నింపి, ఒక రోజు ఆగి, 6 మోలీ చేపలు వదిలాము. నీళ్ళు తేటగా ఉన్నాయి. చేపలకు ఆకలేస్తుందేమోనని నేనూ తమ్ముడూ రోజుకు నాలుగుసార్లు మేత వేశాము. ఐదో రోజున అవి పైకి వచ్చి, ఊపిరాడనట్టు నోళ్ళు తెరవసాగాయి. వారం తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

బడి తెరిచాక మా సైన్సు మాస్టారిని అడిగితే కారణం తెలిసింది. చేపల మొప్పల నుంచి, విసర్జన నుంచి, కుళ్ళిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది కంటికి కనిపించదు కానీ మొప్పలను కాల్చేస్తుంది. నీటి పి.హెచ్., వేడి పెరిగేకొద్దీ దాని విషం ఎక్కువవుతుంది. పాత తొట్టెలో ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. ఇంకో రకం బాక్టీరియా దాన్ని అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. వారం వారం కొంత నీరు మారిస్తే నైట్రేట్ తగ్గుతుంది. ఈ బాక్టీరియా కొత్త తొట్టెలో దాదాపు ఉండదు. ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ళ మీద అది చాలినంత పెరగడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. మేము 6 రోజులు కూడా ఆగలేదు.

మరి ఇది మా తప్పా, కాదా? చంపాలని మేము అనుకోలేదు. కాబట్టి కావాలని చంపినవాడితో మమ్మల్ని సమానం చేయకూడదు. అంతవరకు అవ్వ మాట నిజమే. కానీ తెలియకపోవడం రెండు రకాలు. నైట్రేట్‌ను తయారుచేసే ఈ బాక్టీరియాను వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త 1890 ప్రాంతంలో వేరుచేసి చూపించాడు. అంతకుముందు చేపలు పెంచినవాళ్ళు "మాకు తెలియదు" అంటే న్యాయం ఉంది. మేము అలా అనలేము. రంగు రాళ్ళు ఎంచుకోవడానికి గంటసేపు దుకాణంలో నిలబడ్డాం గానీ, చేప బతకాలంటే ఏం కావాలని ఒక్క మాట అడగలేదు. అడిగితే తెలిసేదాన్ని అడగకపోవడం అజ్ఞానం కాదు, అశ్రద్ధ.

ఇంకో సంగతి ఉంది. చెరువులో నీళ్ళు ఒకచోట చెడితే చేప ఇంకోచోటికి పోతుంది. తొట్టెలో పోవడానికి చోటు లేదు. దాని నీరు, తిండి, గాలి అన్నీ మన చేతిలోనే. ఒక ప్రాణికి ఉన్న దారులన్నీ మూసి మన దగ్గర పెట్టుకున్నప్పుడు, దాని గురించి తెలుసుకునే బాధ్యత కూడా మనదే.

మళ్ళీ దుకాణానికి వెళితే, "ముందు రెండు చవక చేపలు వేయండి. అవి పోయినా పెద్ద నష్టం లేదు. నీళ్ళు కుదిరాక మంచివి వేద్దురుగానీ" అన్నారు. ఇప్పుడు మాకు విషయం తెలుసు. తెలిసి కూడా అలా చేస్తే దాన్ని ఏమనాలి? పది రూపాయల ధర మనం పెట్టింది. చేపకు దాని ప్రాణం ఒక్కటే కదా.

"మనం చేపల పులుసు తింటాం కదన్నా, అది తప్పు కాదా?" అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ తినేవాడు ఆకలి కోసం తింటాడు. మేము చూసి సంతోషపడటానికి తెచ్చినవాటిని వారం రోజులు బాధపెట్టాము. ఒకటి పెద్ద ప్రశ్న అయినంత మాత్రాన రెండోది తప్పు కాకుండా పోదు.

అందుకని ఈసారి చేపలు లేకుండానే తొట్టె నడిపాము. రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనిచ్చాము. కుళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి మందు కలిపాము. టెస్ట్ కిట్‌తో వారానికి రెండుసార్లు చూశాము. అమ్మోనియా పెరిగి తగ్గింది. తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గింది. ఆరో వారంలో రెండూ సున్నాకు వచ్చాయి. చాలా నీరు మార్చి, మూడే చేపలు వేశాము. మేత రోజుకు ఒక్కసారే. స్పాంజిని కుళాయి కింద కాకుండా తొట్టెలోంచి తీసిన నీటిలోనే జాడిస్తున్నాము. ఇప్పటికి మూడు నెలలైంది, మూడూ బాగున్నాయి.

ఇదంతా అవ్వకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే తెచ్చుకునేముందే అడగాలి" అంది. నాకూ అంతే అనిపిస్తుంది. కుక్కపిల్లైనా, చిలకైనా, చేపైనా ఇంటికి తెచ్చేముందు అడిగి తెలుసుకోండి. తెచ్చాక "మాకు తెలియదు" అంటే దాన్ని క్షమించాల్సింది మనం కాదు.