ఫలితానికి కారణం ఒక్కటేనా?

ఏ కర్మకైనా అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం అనే అయిదు కారణాలుంటాయని భగవద్గీత 18వ అధ్యాయం చెబుతుంది. బహుచలరాశి గణాంకశాస్త్రం కూడా అనేక అంశాలను కలిపే చూస్తుంది. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్.రావు 1948లో అనేక కొలతలతో వర్గీకరించే పద్ధతిని విస్తరించారు. 1968లో ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ అయిదు ఆర్థిక నిష్పత్తులతో సంస్థల దివాలాను అంచనా వేసే సూత్రం రూపొందించారు.

ఉదాహరణకు, ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో అమ్మకాలపై ధర, పెళ్లి ముహూర్తాలు, పంట రాబడి ప్రభావం చూపుతాయి. బహుళ ప్రతిగమనం అనే గణాంక పద్ధతి మిగతావాటిని స్థిరంగా ఉంచి ఒక్కొక్కదాని పాలు లెక్కిస్తుంది. వానను కూడా లెక్కలో చేర్చినప్పుడు అది పంట రాబడితో కలిసే మారితే ఆ రెండింటి ప్రభావాన్ని విడదీయడం కష్టం. లెక్కకు అందని శేషం దైవానికి రుజువు కాదు. కొలవని కారణాలు, యాదృచ్ఛికత అందులో ఉంటాయి. నష్టాన్ని తలరాతకో, ఒక్కరి తప్పుకో అంటగట్టే ముందు కారణాలన్నీ తూచాలి.