కాల్చేద్దాం అనే ముందు



మా వాడపల్లిలో ఏ పెరట్లో చూసినా రెండు కొబ్బరిచెట్లు, ఒక మామిడి, నాలుగు అరటిబోదెలు ఉంటాయి. ఎప్పుడో ఒకప్పుడు వాటిలో ఒకదానికి తేనెపట్టు పడుతుంది. అది కనబడగానే మనవాళ్లనే మొదటి మాట, "రాత్రికి కాల్చేద్దాం." పొద్దున వందనలో ప్రాణం తీయనని శీలం పలికిన నోటితోనే సాయంత్రం ఈ మాటా వస్తుంది.

నన్ను నేను మినహాయించుకోవడం లేదు. కొన్నేళ్ల కిందట మా మామిడికి పట్టిన పట్టును కాల్పించింది నేనే. చెట్టెక్కింది మాత్రం నేను కాదు. డబ్బులిచ్చి ఒకాయన్ని పిలిచాను. కొబ్బరాకుల దివిటీ పట్టుకుని ఎక్కాడు. మొహం, చేతులు వాచిపోయి రెండు రోజులు పనికి పోలేకపోయాడు. ఊళ్లో ప్రమాదమైన పనులు తరతరాలుగా ఎవరిచేత చేయించారో మనకి తెలుసు. నేను కూడా అదే చేశాను కదా! ఈగలు నన్ను కుట్టలేదు గాని, ఈ సంగతి కుట్టింది.

"పిల్లలున్న ఇల్లండీ, ఈగల కోసం వాళ్లనేం చేసుకోమంటారు?" అని మీరడగొచ్చు. అడగవలసిందే. బుద్ధుడి గురించి బాబాసాహెబ్ రాసిన గ్రంథం ఆయన పోయాక 1957లో వచ్చింది. అందులో ఆయన చంపాలన్న కోరికనీ, చంపక తప్పని అవసరాన్నీ వేరు చేసి చూపిస్తారు. అహింస ఆలోచించి పాటించే సూత్రం, గుడ్డిగా అనుసరించే నియమం కాదంటారు. అంటే అవసరం ఉందా లేదా అన్నది మనమే తేల్చుకోవాలి. అందుకు ముందు ఆ ప్రాణి సంగతి తెలియాలి.

మనిషిని కుట్టిన తేనెటీగ బతకదు. ముల్లు మన చర్మంలో ఇరుక్కుని ఊడిపోతుంది, ఈగ చచ్చిపోతుంది. అందుకే పట్టుకి ముప్పనిపిస్తేనే అది మీదికొస్తుంది. ముల్లు దిగినచోట అరటిపండు లాంటి వాసన పుడుతుంది. మిగతావాటికి అదే పిలుపు. చేతులు విసిరి కొట్టారంటే ఇంకా రేగుతాయి. మొహం కప్పుకుని ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకోండి. కాలవలో దూకితే లాభం లేదు, పైనే కాచుకుని ఉంటాయి. ముల్లును వెంటనే గోటితో గీకెయ్యండి. ఊపిరాడకపోయినా, గొంతూ పెదాలూ వాచినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

కంచెలో అరచేయంత పట్టు పెట్టే చిన్న ఈగలతో అంత భయం లేదు. ఎత్తున వేలాడే పెద్ద ఈగల పట్టుతోనే జాగ్రత్త. రాళ్లు, పొగ, రాత్రిపూట దగ్గర్లో లైటు, ఏవీ వద్దు. పూత అయిపోయాక అవి చాలావరకు వాటంతటవే లేచిపోతాయి. బడి గుమ్మం మీదో, ఈగ కుడితే ప్రాణం మీదికొచ్చే మనిషున్న ఇంట్లోనో పడితే అప్పుడది అవసరమే. పని తెలిసినవాళ్లని, ఒళ్లంతా కప్పే బట్టలు, ముసుగు ఉన్నవాళ్లని పిలవండి. కూలి దగ్గర బేరమాడకండి.

ఈ ఏడు మా మామిడికి మళ్లీ పట్టింది. బట్టలుతికే రాయిని అవతలికి జరిపాం. పెరటి లైటు తీసేశాం. పిల్లలు దాటకుండా తాడు కట్టాం. మా అమ్మ మాత్రం రోజూ ఒకటే గొడవ.

"కాల్చేత్తే పోద్ది కదరా!"

"ఇంకొక్క నెల ఆగమ్మా" అంటున్నాను.