వంకర హ్యాండిల్: సర్దుకుపోవడం ఓర్పేనా?

మీరు కొత్త మోటారు సైకిల్ కొన్నారనుకోండి. షోరూంలో పూలదండ వేశారు, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు, తాళం చేతికిచ్చారు. గుత్తి దాటి హైదరాబాద్–బెంగళూరు హైవే ఎక్కాక ఒక సంగతి తెలిసింది. బండి సూటిగానే పోతోంది గానీ, హ్యాండిల్ మాత్రం కొంచెం ఎడమకు తిరిగి ఉంది. మహా అయితే అర అంగుళం. ఇప్పుడు మీరేం చేస్తారు?

ఇది మెకానిక్‌ను అడగాల్సిన మాట, ధమ్మం చెప్పే పుస్తకంలో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. కానీ ధమ్మం ధ్యానం చేసుకునే గదిలోనే ఉండేది కాదు. వంకరను చూసినప్పుడు మనిషి మనసు ఎటు పోతుందో, ఆ పోకడలోనే అతని సాధన ఎంతో తెలిసిపోతుంది. ఆ వంకర హ్యాండిల్‌లో ఉన్నా, మాటలో ఉన్నా, ఊరి ఆచారంలో ఉన్నా మనసు పోకడ ఒక్కటే.

మూడు రకాల జవాబులు

మొదటిది కోపం. "వేలకు వేలు పోసి కొంటే వంకర బండి అంటగట్టారు" అని షోరూం ముందు నిలబడి కేకలు వేయడం. కేకలకు గుండె మండుతుంది గానీ బోల్టు కదలదు.

రెండోది మభ్యపెట్టుకోవడం. వేరుశనగ అమ్మిన డబ్బు కొంత, ఫైనాన్స్ వాళ్ళ అప్పు కొంత కలిపి కొన్న బండి. అందులో లోపముందని ఒప్పుకుంటే మనం మోసపోయామని ఒప్పుకున్నట్టే. అందుకని కళ్ళకు కనిపించినదాన్ని మనసు కొట్టిపారేస్తుంది.

మూడోది సర్దుకుపోవడం. "కొత్త బండి కదప్పా, నాలుగు దినాలు తోలితే అదే అలవాటైపోతాది" అంటారు చుట్టుపక్కలవాళ్ళు. ఈ మూడింటిలో ఎక్కువ ప్రమాదం దీంతోనే. ఎందుకంటే ఇది చూడ్డానికి ఓర్పులాగా ఉంటుంది. కోపం రాలేదు, గొడవ లేదు, మనిషి శాంతంగా ఉన్నాడు. ధమ్మం నేర్పేది ఇదే కదా అనిపిస్తుంది. నిజంగా ఇదేనా?

అలవాటు చేసే పని

నాలుగు దినాలు తోలితే ఏమవుతుందో గమనించండి. ఎడమ చెయ్యి కొంచెం వెనక్కి వస్తుంది, కుడి చెయ్యి కొంచెం ముందుకు పోతుంది. భుజం దానికి తగ్గట్టు వాలుతుంది. పది దినాలకు ఆ కూర్చోవడమే సూటిగా కూర్చోవడంలా ఉంటుంది. ఒకరోజు మీ తమ్ముడు బండి తీసుకుపోయి, వీధి చివరి నుంచే వెనక్కి వచ్చి, "అన్నా, హ్యాండిల్ వంకరుంది" అంటాడు. మీరు, "ఏం లేదు పోరా, బాగానే ఉంది" అంటారు. మీరు చెప్పింది అబద్ధం కాదు. మీకు అది నిజంగానే బాగున్నట్టు ఉంది. చిక్కంతా అక్కడే ఉంది.

దీన్నే బుద్ధుడు విపల్లాసం అన్నాడు. అంటే ఉన్నదాన్ని తలకిందులుగా పట్టుకోవడం. అది మూడు మెట్లలో జరుగుతుందని అంగుత్తర నికాయంలో ఉంది. మొదట గుర్తింపు తప్పుతుంది, తర్వాత ఆలోచన తప్పుతుంది, చివరికి దృష్టే తప్పుతుంది. హ్యాండిల్ విషయంలోనూ అదే వరస. మొదట చెయ్యి వంకరను సూటి అని గుర్తుపట్టింది. తర్వాత మనసు "బాగానే ఉంది" అనుకుంది. ఇప్పుడు ఎదుటివాడు చెప్పినా వినని అభిప్రాయం గట్టిపడింది. బండిలో ఉన్న వంకర మనిషిలోకి వచ్చి చేరింది.

రథం చేసేవాడి రెండు చక్రాలు

అంగుత్తర నికాయంలోనే రథకారుడి కథ ఒకటుంది. వారణాసి దగ్గర ఇసిపతనంలో బుద్ధుడు భిక్షువులకు చెప్పాడు. పచేతనుడనే రాజు తన రథకారుణ్ణి పిలిచి, ఆరు నెలల్లో యుద్ధం ఉంది, కొత్త చక్రాల జత కావాలన్నాడు. ఆరు నెలలకు ఆరు రోజులు తక్కువ ఉండగా ఒక చక్రమే పూర్తయింది. రాజు తొందర చేస్తే రెండోది ఆరు రోజుల్లో ముగించాడు. రెండూ పక్కపక్కన పెడితే రాజుకు తేడా కనిపించలేదు. రథకారుడు రెండింటినీ దొర్లించాడు. ఆరు రోజుల చక్రం ఊపు ఉన్నంతసేపు దొర్లి, గిరగిరా తిరిగి నేల మీద పడిపోయింది. ఆరు నెలల చక్రం ఊపు అయిపోయాక కూడా ఇరుసుకు బిగించినట్టు నిలబడింది. కారణం అడిగితే, పడిపోయిన దాని అంచులో, ఆకుల్లో, కుండలో వంకరలు మిగిలి ఉన్నాయన్నాడు.

ఆ రథకారుణ్ణి తానేనని, అప్పుడు కొయ్య వంకరలు తెలిసినవాణ్ణని, ఇప్పుడు శరీరం, మాట, మనసుల వంకరలు తెలిసినవాణ్ణని బుద్ధుడు కథ ముగించాడు. ఇక్కడ మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. నిలబెట్టి చూసినప్పుడు రెండు చక్రాలూ ఒక్కలాగే ఉన్నాయి. వంకర బయటపడింది దొర్లినప్పుడే. షోరూంలో స్టాండు మీదున్న బండి కూడా అంతే. మనుషులమూ అంతే.

ఓర్పు దేనికి, సరిచేయడం దేనికి

గుత్తి సీమలో ఉన్నవారికి ఓర్పు గురించి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. వాన రాకపోతే రాదు. ఆకాశం మీద కోప్పడి లాభం లేదని ఇక్కడి రైతుకు తెలుసు. ఎండ, చలి, ఆకలి, తిట్టు, నొప్పి వచ్చినప్పుడు మనసు విరగకుండా నిలవడాన్నే ఖంతి అన్నారు. కానీ వదులైన బోల్టు కరువు కాదు. అది స్పానర్ తీసుకుంటే తిరిగేది. ఆ మాటకొస్తే, కరువులో కూడా రైతు ఊరికే కూర్చోడు. వానను భరిస్తాడు గానీ పొలంలో కుంట తవ్వుతాడు. మన చేతిలో లేనిదాన్ని భరించడం ఓర్పు. చేతిలో ఉన్నదాన్ని వదిలేసి దానికి ఓర్పని పేరు పెట్టుకుంటే అది బద్ధకమో భయమో అవుతుంది.

ఇంకో మాట కూడా ఆలోచించండి. "సర్దుకుపో" అని మన ఊళ్ళలో ఎవరికి చెబుతారు? అత్తింట్లో కోడలికి చెబుతారు. కూలి తక్కువ ఇచ్చినప్పుడు కూలిమనిషికి చెబుతారు. టీ కొట్లో వేరే గ్లాసు పెట్టినప్పుడు దళితుడికి చెప్పారు. చెప్పేవాడి భుజం ఎప్పుడూ వాలదు. వాలేది వినేవాడి భుజమే. "మన ఊళ్ళో మొదట్నుంచీ ఇంతే" అనేవాళ్ళంతా చెడ్డవాళ్ళు కారు. తరతరాలుగా వంకర హ్యాండిల్ పట్టుకుని, దాన్నే సూటి అనుకున్నవాళ్ళు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ లక్షల మందితో ధమ్మాన్ని స్వీకరించినప్పుడు, ఈ సర్దుకుపోవడానికే వీడ్కోలు చెప్పారు. అందులో ద్వేషం లేదు, వంకరను వంకర అని చెప్పే ధైర్యం ఉంది.

సరిచేసే తీరు

సరే, వంకర ఉందని ఒప్పుకున్నాం. తర్వాత? మంచి మెకానిక్ వెంటనే హ్యాండిల్ పట్టి గుంజడు. బండిని చదునైన నేల మీద నిలబెట్టి ముందునుంచి చూస్తాడు. హ్యాండిల్ గొట్టమే వంగిందా? దాన్ని పట్టి ఉంచే క్లాంపు ఒకపక్క ఎక్కువ బిగిసిందా? లేక లారీలో తాళ్ళతో కట్టి తెచ్చేటప్పుడో, షోరూంలో బిగించేటప్పుడో ఫోర్కు బ్రాకెట్టులో మెలి తిరిగిందా? ఎక్కడుందో తెలియకుండా సరిచేస్తే ఇంకో చోట వంకర పుడుతుంది.

ఫోర్కు మెలి తిరిగి ఉంటే, దాన్ని పట్టి ఉంచే బోల్టులు, ముందు ఇరుసు నట్టు కొద్దిగా వదులు చేస్తాడు. సూటిగా తిప్పి మళ్ళీ బిగిస్తాడు. బిగించి ఉండగానే బలవంతంగా తిప్పితే ఇంకోటి విరుగుతుంది. వదులు చేసి వదిలేస్తే దారిలో ప్రాణం పోతుంది. గొట్టమే వంగి ఉంటే దాన్ని కొట్టి సాపు చేయకూడదు, మార్చాల్సిందే. సోణ భిక్షువుకు బుద్ధుడు వీణ తీగల పోలిక చెప్పింది ఈ కొలత గురించే. తీగ మరీ బిగిసినా, మరీ వదులైనా పలకదు.

మనసూ అంతే. "నాదే రైటు" అని బిగబట్టినవాడిలో ఏదీ సరికాదు. ముందు ఆ పట్టు కొంచెం వదలాలి. సరైంది తెలిశాక దాన్ని శీలంతో మళ్ళీ బిగించాలి.

షోరూంవాళ్ళతో మాట్లాడటమూ సాధనే. మంచి మాటకు బుద్ధుడు ఐదు లక్షణాలు చెప్పాడు. సమయానికి ఉండాలి, నిజమై ఉండాలి, మృదువుగా ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, మైత్రితో పుట్టాలి. కాబట్టి మొదటి సర్వీసు దాకా ఆగకుండా వెంటనే పోండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, జాబ్ కార్డులో రాయించండి. అక్కడి కుర్రాడు జీతానికి పనిచేసేవాడు, అతణ్ణి తిట్టకండి. అయినా వాళ్ళు పట్టించుకోకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అది మైత్రికి విరుద్ధం కాదు. మీ తర్వాత అక్కడ బండి కొనేవాడికి మీరు చేసే మేలు అది.

ఎర్రగుడి రాయి

గుత్తి నుంచి పత్తికొండ దారిలో సుమారు 13 కిలోమీటర్లు పోతే ఎర్రగుడి వస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు వేయించిన శాసనాలు అక్కడి బండల మీద ఉన్నాయి. తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణుల మీద దయ, సత్యం పలకడం గురించి అక్కడి చిన్న శాసనం చెబుతుంది. ఏనుగులను నడిపేవాళ్ళకు, వాహనాలకు కట్టే జంతువులను మలిచేవాళ్ళకు కూడా, తమ శిష్యులకు ఈ నడత నేర్పమని అందులో ఉంది. బండి తోలేవాడి నడతను ధమ్మం అప్పుడే పట్టించుకుంది.

ఆ శాసనానికి ఇంకో విశేషముంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. అలవాటైన దిక్కులోనే చదువుతూ పోతే సగం అర్థం కాదు. రాయిలో ఏ లోపమూ లేదు. చూపు అలవాటు నుంచి కదలాలి, అంతే.

మన చేతులకు మన వంకర తెలియదు కనుక, అప్పుడప్పుడు బండిని ఇంకొకరికిచ్చి తోలించి చూడండి. వాళ్ళు చెప్పింది వినండి. అలాగే వారానికోసారి, ఇంట్లో చిన్నవాళ్ళను, కింద పనిచేసేవాళ్ళను ఒక మాట అడగండి: "నాలో మీకు ఇబ్బందిగా ఉన్నది ఏమిటి?" వెంటనే జవాబు చెప్పకండి, వాదించకండి. ఒక రాత్రి ఆ మాటను దగ్గర పెట్టుకోండి. మీ వెనక సీటులో భార్య కూర్చుంటుంది, ట్యాంకు మీద బిడ్డ కూర్చుంటుంది, ఎదురుగా ఎవరో వస్తుంటారు. మీ హ్యాండిల్ సూటిగా ఉండటం వాళ్ళందరికీ అవసరం.