పితృఋణమును సీసపు గొట్టములును

తండ్రి చేసిన అప్పును కుమారుడు తీర్పవలయునని మన ధర్మశాస్త్రకర్తలు విధించిరి. కాని జూదమునకును మద్యపానమునకును చేసిన అప్పులను ఆ విధినుండి తొలగించి, కుమారుని బాధ్యతకొక ఎల్ల నేర్పరచిరి. ధనరూపమైన ఋణమును గూర్చి ఇంత సూక్ష్మముగా విచారించిన ఆ పెద్దలు, పూర్వులు మేలే చేయుచున్నామనుకొని చేసిన పనివలన వారసుల దేహములకు సంక్రమించు కీడును ఎవరు తీర్పవలయునను ప్రశ్నను మనకు విడిచిపెట్టిరి. అమెరికాలో ఇల్లినాయిస్, న్యూజెర్సీ మొదలగు రాష్ట్రముల శాసనసభలు త్రాగునీటి సీసపు గొట్టములను తొలగించుటకై చేసిన చట్టములను గూర్చి తలపోయునప్పుడెల్ల నా మనస్సు ఈ ప్రశ్న యొద్దనే నిలిచిపోవుచున్నది.

సీసము మెత్తని లోహము. వంచినట్లు వంగును, నేల కదలినను తేలికగా విరుగదు, ఇనుమువలె త్రుప్పుపట్టి పూడిపోదు. అందుచేత పందొమ్మిదవ శతాబ్దపు నగరనిర్మాతలు, వీధిలోని పెద్ద గొట్టమునుండి ఒక్కొక్క ఇంటికి నీటిని కొనిపోవు చిన్న గొట్టమునకు అదియే మేలైన పదార్థమని యెంచిరి. షికాగో నగరము ఎంచుటతో తృప్తిపడలేదు. ఇండ్లకు సీసపు గొట్టమునే వేయవలెనని తన నిబంధనలలో శాసించి, 1986లో కేంద్రశాసనము క్రొత్త సీసపు గొట్టములను నిషేధించువరకు ఆ నిర్బంధమును సడలింపలేదు. నేడా నగరపు నేలక్రింద అట్టి గొట్టములు సుమారు 4 లక్షలు కలవు. ఆ దేశమున మరి యే నగరమునందును ఇన్ని లేవు.

పూర్వులు తెలియక చేసిరందుమా? రోమక వాస్తువేత్త విట్రూవియస్ రెండువేల యేండ్లక్రిందటనే, సీసపుపని చేయువారి పాలిపోయిన మేనిఛాయను నిదర్శనముగా చూపి, త్రాగునీటికి మట్టిగొట్టములే శ్రేష్ఠమని వ్రాసెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1786లో ఒక మిత్రునకు సీసమువలని రోగములను గూర్చి వ్రాసిన లేఖలో, ప్రయోజనకరమైన సత్యము తెలియబడిన పిదప కూడ ఆచరణలోనికి రాక ఎంతకాలము పడియుండునో గమనింపుమని వాపోయెను. ఇరువదవ శతాబ్దమున సీసపు వర్తకుల సంఘమొకటి నగరములలోను పనివారిలోను సీసపు గొట్టములకై పట్టుదలతో ప్రచారము సాగించినది. కావున ఈ ఋణములో అజ్ఞానపు పాలెంతయో, లాభాపేక్ష పాలెంతయో వేరుపరచుట నేడు సాధ్యము కాదు.

అయినను వాదమునకై అంతయు తెలియకయే జరిగినదని ఒప్పుకొందము. తెలియక చేసిన పాపమునకు ప్రాయశ్చిత్తము తగ్గునే గాని లేకపోదని స్మృతికారులు చెప్పిరి. యువరాజైన దశరథుడు సరయూతీరమున చీకటిలో కుండ నిండు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని భ్రమించి, అంధులైన తల్లిదండ్రులకొరకు నీటికి వచ్చిన మునికుమారుని బాణముతో కొట్టెను. అతని ఉద్దేశమున దోషము లేదు, చూచినవారు లేరు, ఆ చీకటిలోనే తొలగిపోయినచో అడుగువారును లేరు. కాని అతడు ఆ కుండనే నీటితో నింపి, ఆ వృద్ధులయొద్దకు తానే కొనిపోయి, జరిగినదంతయు తన నోటితో చెప్పెను. తానుగా వచ్చి చెప్పకుండినచో అతని శిరస్సు వ్రక్కలై యుండెడిదని ఆ ముని పలికినట్లు వాల్మీకి వర్ణించెను. వాల్మీకి దృష్టిలో దాచుట మరియొక పాపము, మొదటిదానికన్న ఘోరమైనది. ఇల్లినాయిస్ రాష్ట్రము 2021లో చేసిన చట్టము గొట్టముల మార్పిడిని మాత్రమే విధింపక, ఏ యింటికి ఏ లోహపు గొట్టము పోవుచున్నదో ప్రతి నీటిసంస్థయు పట్టిక వ్రాసి ప్రకటింపవలెననియు, ఆ యింటివారికి తెలియజేయవలెననియు శాసించుట నాకీ కారణముచేతనే గొప్పగా తోచుచున్నది.

తెలుపకపోవుటవలని ఫలము మిషిగన్ రాష్ట్రములోని ఫ్లింటు నగరము అనుభవించినది. 2014 ఏప్రిల్‌లో వ్యయము తగ్గించుకొనుటకై ఆ నగరము ఫ్లింటు నదీజలమునకు మారినప్పుడు, గొట్టములను లోపల తినివేయకుండ నీటిలో కలుపవలసిన ద్రవ్యమును అధికారులు కలుపలేదు; సీసము కరగి ఇండ్లలోనికి వచ్చినది. నీరు రంగు మారెనని జనులు సీసాలు పట్టుకొని వచ్చి చూపినను, భయము లేదని వారు బదులు చెప్పిరి. 2015 సెప్టెంబరులో మోనా హన్నా అతీషా అను శిశువైద్యురాలు పసివారి రక్తములో సీసము హెచ్చినదని లెక్కలతో నిరూపించినప్పుడు సైతము మొదట ఆమె మాటను త్రోసిపుచ్చి, ఆ మీదటనే సత్యమునకు తలయొగ్గిరి.

ఈ విషమునకు రుచి లేదు, వాసన లేదు. మన యిండ్లలో నీటిని కాచి చల్లార్చి బిడ్డలకిచ్చిన చాలునని పెద్దలు నమ్ముదురు. క్రిముల విషయమున ఆ నమ్మకము సత్యమే గాని, సీసము కాగినను పోదు, నీరు ఆవిరియై తరిగినకొలది దాని పాలు హెచ్చును. శరీరము దీనిని కాల్షియమని భ్రమించి ఎముకలలో దాచుకొనును. అచ్చట దశాబ్దములు నిలిచి, స్త్రీ గర్భవతియైనప్పుడు ఎముకలనుండి శిశువునకు పోవు పోషణముతో కూడ బయలుదేరి గర్భమును చేరును. తల్లి తన బాల్యమున త్రాగిన నీటి దోషము ఆమె బిడ్డకు తాకుచున్నది. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన పరిమాణమే శిశువులకు లేదని వైద్యశాస్త్రము నిశ్చయించినది. వారి మేధాశక్తియు ఏకాగ్రతయు కొంచెము కొంచెముగా క్షీణించును. తాతలు చేసిన అప్పును మనుమలు ధనముతో గాక బుద్ధితో తీర్చుచున్నారు.

కర్మఫలము కర్తకే చెందవలెను గదా, చేసినవారు గతించిన పిదప నేటి పౌరునిపై పన్ను వేయుట న్యాయమా యని కొందరడుగుదురు. వేసిన చేతులు లేకపోవచ్చును గాని, ఆ గొట్టముగుండ నేటి ఉదయము నీటిని వదలి, దానికి వెల పుచ్చుకొన్నవారు సజీవులై యున్నారు. విషయము తెలిసిన దినమువరకు అది పితృఋణము. తెలిసిన మరునాటి నుండి అది స్వకృతమైన కర్మ. ఈ తత్త్వమును గ్రహించిన శాసనము మాత్రమే దానమువలె గాక ఋణవిమోచనమువలె ప్రవర్తింపగలదు.

ఇందు మిక్కిలి చిక్కైన విషయము గొట్టపు యాజమాన్యము. వీధి గొట్టమునుండి స్థలపు హద్దువరకు గల భాగము సాధారణముగా నగరమునకును, హద్దునుండి ఇంటిలోనికి గల భాగము గృహస్థునకును చెందినట్లు పరిగణింతురు. ఈ వాదమును పట్టుకొని అనేక నగరములు తమ భాగమును మాత్రము మార్చి, తక్కినది గృహస్థుని ఇష్టమునకు విడిచినవి. కాని సీసపు గొట్టమును నడుమ కోసినప్పుడు లోపల పేరుకొనియున్న పొర కదలి రాలి, కొంతకాలము నీటిలో సీసము మునుపటికన్న అధికమగును. సగము ధర్మము ఇచ్చట కొరతపడిన ధర్మము కాదు, అధర్మమే. ఇట్లు ఒకదానికి ఇరువురు యజమానులగుటలోని చిక్కును మన పూర్వులెరుగుదురు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనమున చెరువునకు కలుగు ఆరు దోషములను చెక్కించెను. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట వానిలో నొకటి. ఆ చెరువును ఉభయులును తమదందురు, మరమ్మతు వచ్చినప్పుడు ఉభయులును కాదందురు. ఇల్లినాయిస్ చట్టము అట్టి సగపు మార్పిడిని, అత్యవసరములు తప్ప, నిషేధించుట యుక్తము. షికాగోలో సీసమునే వేయుమని నిర్బంధించినది నగరమే యైనప్పుడు, విధేయుడైన గృహస్థుని నీ సగమునకు నీవే కర్తవని యనుట ఏ న్యాయమున కుదురును?

ఇక కాలము. న్యూజెర్సీ 2021లోనే చట్టము చేసి పదియేండ్ల గడువు విధించి, వ్యయమును నీరు వాడువారందరిపై పంచుటకు వీలు కల్పించినది. ఎందరో తెలుగువారికి నివాసమైన ఆ రాష్ట్రములో, నెవార్కు నగరము మూడేండ్లకు లోపలనే సుమారు 23,000 గొట్టములను గృహస్థులనుండి వెల గొనక మార్చినది. ఇల్లినాయిస్ చట్టమో, లక్షకు తక్కువగాక గొట్టములున్న నగరమునకు 2027 మొదలు 50 ఏండ్లు ఇచ్చినది. అనగా షికాగోకు 2077వరకు. పదియేండ్లలో ముగింపవలెనని 2024లో వెలువడిన కేంద్రనియమము సైతము ఇట్టి పెద్ద నగరములకు సడలింపులిచ్చినది. వ్యయము కొండంతయని నేనెరుగుదును. త్రవ్వవలసిన వీధులును, కావలసిన పనివారును ఒక్కనాటికి సమకూడరని ఎరుగుదును. కాని 2027లో పుట్టిన బిడ్డకు 2077లో ఏబదియేండ్లు నిండును. అప్పటికి ఆ బిడ్డ బాల్యము గడచుటయే గాక, ఆమె సంతానపు బాల్యమును గడచిపోవును. గడువు పొడిగింపక తప్పదన్నచో, శిశువిహారములు, పాఠశాలలు, ఆసుపత్రులు ముందు రావలెనని ఇల్లినాయిస్ చట్టము చెప్పిన వరుసక్రమమును అక్షరాల పాటింపవలెను. వంతు రాని ప్రతి యింటికిని సీసమును వడగట్టు సాధనములను ఉచితముగా ఈయవలెను.

ఇల్లినాయిస్ చట్టములో నేను సమ్మతింపలేని యంశ మొకటి కలదు. గొట్టము మార్చుట నాకు వలదని గృహయజమాని సంతకము చేసిన యెడల అది విడువబడును. తాను త్రాగు నీటి విషయమున ఎవరైనను అట్లు సంతకము చేయవచ్చును. కాని ఆ యింట అద్దెకున్న కుటుంబపు పసిబిడ్డ పక్షమున ఆ సంతకము చేయు అధికారము యజమానికెచ్చటినుండి వచ్చినది? సగమునకు పైగా జనులు అద్దెయిండ్లలోనే నివసించు నెవార్కులో, యజమాని అనుమతి లేకయే ఇంటి ఆవరణలోనికి పోయి గొట్టము మార్చుటకు నగరము అధికారము పొందినది. ఇల్లినాయిస్ శాసనకర్తలు ఆ నిబంధనను తమ చట్టమునందు చేర్చుకొని, సంతకముతో తప్పించుకొను ఆ ద్వారమును మూయవలెను.