సంపాదకుని ఋణం: ‘న్యూ ఇండియా’ నుంచి మదనపల్లెకు

తెలుగు పత్రికల తొలి చరిత్రను మనం సాధారణంగా పత్రికల పేర్లతోను, సంపాదకుల పేర్లతోను చెప్పుకొంటాము. 1838లో మండిగల వేంకటరామశాస్త్రి ‘వృత్తాంతిని’, 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు ‘ఆంధ్రపత్రిక’ ఈ వరుసలో వస్తాయి. సంపాదకుని కింద పనిచేసిన రచయితకు ఇందులో చోటు తక్కువ. రాతకు ముప్పు వచ్చినప్పుడు ఆ భారాన్ని ఎవరు మోయాలి అనే ప్రశ్న అతనిని గమనించినప్పుడే తలెత్తుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం గల చిత్తూరు సీమ పడమటి భాగంలోనే ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ ఉన్నది.

అనీబిసెంట్ 1914లో ‘మద్రాస్ స్టాండర్డ్’ పత్రికను కొని ‘న్యూ ఇండియా’గా మార్చింది. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ 1915లో వచ్చి ఆ పత్రికలో సాహిత్య విభాగపు ఉపసంపాదకుడుగా చేరాడు. 1916లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును ప్రశంసిస్తూ ఆయన వ్యాసం రాశాడు. ఫలితంగా బిసెంట్ ఆయనను పత్రిక నుంచి తొలగించవలసి వచ్చింది. అయితే ఆయనను నిరాధారంగా వదలలేదు. మదనపల్లెలో 1915లో తాను స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో ఉద్యోగమిచ్చింది.

ఈ చర్య ధర్మమేనా? పత్రిక ఒక్క రచయిత సొత్తు కాదు. అక్షరాలు కూర్చేవారు మొదలుకొని చందాదారుల వరకు అనేకులు దానిపై ఆధారపడతారు. పైగా బిసెంట్ స్వపరిపాలన కోరినది రాజ్యాంగబద్ధమైన మార్గంలో. సాయుధ తిరుగుబాటు ఆమె మార్గం కాదు. తాను నమ్మని మాటకు పత్రికను పణంగా పెట్టే బాధ్యత సంపాదకునికి లేదనడం సమంజసమే.

అయితే మరొక విషయాన్ని విస్మరించరాదు. అదే సంవత్సరం ప్రభుత్వం 1910 నాటి పత్రికా చట్టం కింద ‘న్యూ ఇండియా’ నుంచి 2,000 రూపాయల ధరావతు కోరి, దానిని జప్తు చేసి, మళ్లీ 10,000 రూపాయలు కోరింది. బిసెంట్ ఆ సొమ్ము చెల్లించి తన ఉద్యమ రచనలను కొనసాగించింది. 1917లో నిర్బంధానికి సైతం సిద్ధపడింది. అనగా పత్రిక మనుగడ ఆమెకు అన్నిటికన్నా మిన్న కాదు. భారతదేశ స్వపరిపాలన కోసం పెట్టిన పణాన్ని ఐర్లండు కోసం పెట్టలేదు. ఈ ఎంపిక తప్పని చెప్పలేము. కాని ‘పత్రికను కాపాడుకోవడానికి’ అన్న సమర్థన మాత్రం ఇక్కడ నిలవదు. ఎంపికను ఎంపికగానే ఒప్పుకొనడం సంపాదకుని మొదటి ఋణం.

తన సంపాదకత్వంలోని ‘స్వరాజ్య’ పత్రికలో వెలువడిన వ్యాసానికి 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు తానే కారాగార శిక్ష అనుభవించాడు. అక్కడ శిక్ష సంపాదకునికే పడింది. కజిన్స్ విషయంలో బాధ్యత సంపాదకునిది, మూల్యం రచయితది. జీవనోపాధి చూపడం దయ; అది రచయిత కోల్పోయిన వేదికకు బదులు కాజాలదు.

తరువాతి చరిత్ర ఈ ప్రశ్నను మరింత జటిలం చేసింది. కజిన్స్ ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యాడు. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చి ‘జనగణమన’కు ఆంగ్లానువాదం చేశాడు; మార్గరెట్ కజిన్స్ ఆ గీతానికి స్వరలిపి సమకూర్చింది. ఆ తొలగింపు లేకుంటే కజిన్స్ దంపతులు ఆనాడు అక్కడ ఉండేవారని చెప్పలేము. అయినా ఫలం మంచిదైనంత మాత్రాన కర్మ ధర్మమైపోదు. 1916లో కజిన్స్‌ను పంపినవారికి 1919 తెలియదు. తెలియని ఫలాన్ని సమర్థనగా చూపడం న్యాయం కాదు.

కనుక మదనపల్లె సాంస్కృతిక చరిత్ర రాసేవారు రవీంద్రుని రాకతో మాత్రమే ఆ కథను ఆరంభించరాదు. అంతకు మూడేళ్ల ముందు ఒక వ్యాసం మూలంగా ఒక రచయిత కోల్పోయిన ఉద్యోగాన్ని కూడా దాని పక్కనే నమోదు చేయాలి. బిసెంట్‌ను నిందించడానికి కాదు. ఆమె నిర్ణయాన్ని దాని కాలంలో, దాని మూల్యంతో సహా చూడడానికి. పత్రికా స్వేచ్ఛ చరిత్రలో ప్రభుత్వం జప్తు చేసిన ధరావతులకు లెక్కలున్నాయి. పత్రికలే వదులుకున్న రచయితలకు కూడా లెక్క ఉండాలి.